ఏడో నంబరు లోడు

శుక్రవారం ఉదయం పదకొండుంబావుకు విశ్వవిద్యాలయంలో శక్తి వ్యవస్థల విభాగం భవనంలోని లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లోపల ఇద్దరున్నారు. ఒకరు ఆ రోజు వైవా తీసుకోవడానికి వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు. రెండోవారు ఆ వైవాకు కూర్చోవలసిన పరిశోధక విద్యార్థిని తల్లి. వాళ్ళిద్దరికీ అంతకుముందు పరిచయం లేదు.

లిఫ్టును ఆపింది విద్యార్థిని తయారుచేసిన యంత్రమే. అది చెడిపోయి ఆపలేదు. బాగా పనిచేస్తూనే ఆపింది.

విభాగంలో ఆమెను అందరూ మీటరమ్మ అంటారు. భవనంలో కనిపించిన ప్రతి తీగకూ మీటరు బిగించింది కాబట్టి ఆ పేరు వచ్చింది. మెయిన్ లైను పోయి భవనం బ్యాటరీ మీద నడవాల్సి వస్తే, ఉన్న కాస్త కరెంటూ ముందు దేనికివ్వాలో, దేనికి ఆపాలో నిర్ణయించే కంట్రోలరు ఆమె పరిశోధన. కరెంటు వాడే ప్రతి వస్తువునూ ఆ చదువులో లోడు అంటారు. ఏ లోడు ముఖ్యమో మనిషి రాసిస్తే అందులో పరిశోధన ఏముంది? మనుషుల్ని చూసి యంత్రమే నేర్చుకోవాలి. అందుకని ఆమె గదిగదికీ ఒక పచ్చ బటన్ పెట్టించింది. కంట్రోలరు ఏదైనా లోడును ఆపినప్పుడు అక్కడున్నవాళ్ళు బటన్ నొక్కితే కరెంటు తిరిగొస్తుంది. ఆ లోడు కావాల్సిందేనని కంట్రోలరు గుర్తుపెట్టుకుంటుంది. ఎంత ఎక్కువగా నొక్కితే వరసలో అంత పైకి.

అడగందే అమ్మైనా పెట్టదన్న సూత్రం మీద ఇది నడుస్తుందని ఆమె తన మొదటి సెమినారులో చెప్పింది. గైడు ఆ వాక్యం కొట్టేసి సమీకరణం పెట్టించాడు.

విశ్వవిద్యాలయంలో పరిశోధనల నీతి చూసే కమిటీ ఒకటుంది. ఎవరి గదిలో ఏది నడుస్తోందో పరిశోధకురాలికి తెలియడం ఆ గదిలో ఉన్నవాళ్ళ గోప్యతకు భంగమని కమిటీ తేల్చింది. దాంతో ప్రతి లోడుకూ ఒక నంబరు మాత్రం ఇచ్చారు. ఎలక్ట్రీషియన్ ఆ నంబర్లను మీటరు పెట్టెల లోపల అతికించి మూతలు బిగించాడు. ఆమె తెర మీద కనిపించేవి నంబర్లే. వరసలో అన్నిటికన్నా పైన ఏడో నంబరు లోడు ఉండేది. మిగతావి కిందామీదా అవుతుండేవి గానీ ఏడు కదిలేది కాదు. దీని గురించి ఆమె థీసిస్ ఐదో అధ్యాయంలో రెండు పేజీలు రాసింది. "ఈ లోడు ప్రాణరక్షణకు సంబంధించిన అత్యవసర పరికరం కావచ్చు" అన్నది అందులో ఒక వాక్యం. గైడు ఆ వాక్యం పక్కన "చక్కని పరిశీలన" అని రాశాడు.

ఆమెకు నంబరు తెలిసిన లోడు ఒక్కటే. నలభై. అది లిఫ్టు. లిఫ్టును ప్రయోగంలోంచి తప్పించాలని ఆమె కోరింది. అప్పటికే "సంపూర్ణ భవనం" అని బ్యానరు రాయించేశామని డీన్ కార్యాలయం జవాబిచ్చింది. లిఫ్టులో బటన్ పెట్టే సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. గదులున్నవాళ్ళు తమ గదికి బటన్ వచ్చిందో లేదో చూసుకున్నారు. లిఫ్టు ఎవరి గదీ కాదు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటారు కదా, అలా నలభై నంబరు వరసలో అట్టడుగుకు చేరింది.

ఆ శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఆమె రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. ఇవ్వగలిగిన పొడిగింపు ఇదివరకే ఇచ్చేశారు. ఐదులోపు వైవా ఫలితం కార్యాలయంలో చేరకపోతే మళ్ళీ ప్రవేశ పరీక్ష దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పరీక్షకుడు మోకాలు నొప్పని రెండుసార్లు వాయిదా వేశాడు. తిరుగు రైలు మధ్యాహ్నం రెండున్నరకు.

వైవాలో భాగంగా పదకొండింటికి ఆమె మెయిన్ లైను తప్పించి భవనాన్ని బ్యాటరీ మీదికి మార్చింది. అలా మారిస్తే రెండు గంటల పాటు మెయిన్ లైను తిరిగి కలవకుండా తాళం కూడా తనే పెట్టింది. దానికి కారణం గైడు. మొదట్లో ఆమె ప్రయోగం పెట్టినప్పుడల్లా ఆయన వెళ్ళి మెయిన్ లైను కలిపేసేవాడు. తాళం పడ్డాక ఆ పని మానుకుని పచ్చ బటన్ నొక్కడం అలవాటు చేసుకున్నాడు. దేనికి నొక్కుతున్నాడో ఆమె అడగలేదు. అడగకూడదని కమిటీ నిబంధన.

పరీక్షకుడి కారు గేటు దాటడం గైడు ల్యాబు కిటికీలోంచి చూశాడు. ఆ తర్వాత కాసేపటికి లిఫ్టు ఆగింది.

లిఫ్టులో ఒక ఫోన్ ఉంది. దాని రెండో కొస కింది అంతస్తులో ఎలక్ట్రీషియన్ గదిలో ఉంటుంది. అక్కడ రిసీవరు ఎప్పుడో విరిగింది, స్పీకరు పనిచేస్తుంది. మీటరమ్మ, గైడు ఆ గదికి చేరేసరికి స్పీకరు మాట్లాడుతోంది.

"హలో. హలో. ఇది పలుకుతోందా, ఊరికే తగిలించారా?"

"పలుకుతోందమ్మా. ఎవరు?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"మీరంతా మీటరమ్మ అంటారే, దాని అమ్మని."

"అమ్మా! నువ్వెందుకొచ్చావ్? రావద్దని చెప్పానా లేదా?"

"టీ తెచ్చానే. పరీక్షంటే చిన్నప్పట్నుంచీ నీకు గొంతెండిపోతుందిగా."

"లోపల ఇంకెవరైనా ఉన్నారామ్మా?" గైడు అడిగాడు.

"ఒక పెద్దాయన ఉన్నారు. మోకాలు నొప్పిట పాపం. నా సంచీ మీద కూర్చోబెట్టాను."

గైడు కుర్చీ కోసం చూశాడు. గదిలో ఉన్న ఒక్క కుర్చీలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. లేవలేదు.

"అమ్మా, నేను చెప్పేది విను. ఆయనతో ఏమీ మాట్లాడకు."

"అదేం మాటే? పక్కన మనిషిని పెట్టుకుని గోడతో మాట్లాడనా?"

ఆయనెవరో చెబితే ఆయనకూ వినబడుతుంది. ఆమె చెప్పలేదు. లిఫ్టులో ఫోన్ బటన్ లోపలికి పోయి అలాగే ఇరుక్కుంది. ఆ తర్వాత పైన అన్న ప్రతి మాటా కింద వినబడింది.

"అన్నయ్యగారూ, మీరేం చేస్తుంటారు?"

"నాదీ కరెంటు పనేనమ్మా."

"మరి కూర్చున్నారేం? లేచి బాగుచెయ్యండి."

"నాది కాగితం మీద కరెంటమ్మా. తీగ ముట్టుకుని పాతికేళ్ళయింది."

"మా అమ్మాయిదీ అదే. ఇంట్లో బల్బు పోతే నన్నే స్టూలెక్కమంటుంది."

ఎలక్ట్రీషియన్ మీటరమ్మ వైపు చూశాడు. ఆమె లిఫ్టు కంపెనీకి ఫోన్ చేసింది. మెకానిక్ దారిలో ఉన్నాడని చెప్పారు. మెకానిక్ శనివారం వచ్చాడు.

"మెయిన్ కలిపెయ్యి," అన్నాడు గైడు.

"కలవదు సార్. ఒంటిగంట దాకా తాళం."

"ఎవడు పెట్టాడు తాళం?"

"నేనే సార్. మీకోసం."

స్పీకరు అంది: "...ఈ రోజు దాని పరీక్షకి ఎవరో పెద్దమనిషి రావాలి. రెండుసార్లు రానన్నాట్ట. మోకాలు నొప్పిట. నోటితో అడిగే ప్రశ్నలకి మోకాలితో ఏం పనండీ?"

"నిజమేనమ్మా."

"మీదీ మోకాలేగా. మీరొచ్చారా లేదా?"

"వచ్చానమ్మా."

"అదీ మనిషంటే. టీ తాగండి."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదేనని గైడు అన్నాడు. మీటరమ్మ తెర తెరిచి లెక్క చూసింది. బ్యాటరీ ఇవ్వగలిగినదంతా పై లోడులకే సరిపోతోంది. లిఫ్టు కదలాలంటే నాలుగు కిలోవాట్లు కావాలి. పైవాటిలో పెద్దవి రెండు మూడు ఆగితే చాలు, మిగిలినది వరస ప్రకారం కిందికి దిగుతూ నలభై దాకా వస్తుంది. కానీ ఏ నంబరు ఏ గదిదో ఆమెకు తెలియదు. ఎలక్ట్రీషియన్‌కు తెలుసు.

"చెప్పకూడదమ్మా," అన్నాడతను. "కమిటీవాళ్ళు సంతకం చేయించుకున్నారు."

"మనుషులు ఇరుక్కున్నారయ్యా!" అన్నాడు గైడు.

"అందుకేగా సార్ నేనూ వస్తానంటున్నాను. చెప్పను, తోడొస్తాను."

ముగ్గురూ బయల్దేరారు. భవనంలో లైట్లు లేవు. ఏది నడుస్తున్నా చప్పుడు వినబడాలి. తలుపు తలుపుకీ ఆగి చెవి పెట్టుకుంటూ వెళ్ళారు.

మొదటి చప్పుడు కార్యాలయంలో దొరికింది. సూపరింటెండెంటు జిరాక్స్ మెషీను దగ్గర నిలబడి కాగితాలు తీస్తున్నాడు.

"సార్, కాస్త ఆపాలి. పరీక్షకుడు లిఫ్టులో ఇరుక్కున్నారు," అంది మీటరమ్మ.

"ఇవి నీ కాగితాలేనమ్మా. హాజరు పత్రం, ఫలితం పత్రం, ఆయన బిల్లు. ఆరేసి కాపీలు."

"ఇది ఆగితేగానీ ఆయన బయటికి రారు సార్."

"ఇవి లేకపోతే ఆయన బయటికొచ్చి ఏం చేస్తారు? గాలిలో సంతకం పెడతారా?"

ఆమె ప్లగ్గు మీద చెయ్యి వేసింది. ఆయన గభాలున గోడ మీది పచ్చ బటన్ నొక్కాడు. ఆమె చేతిలోని ఫోన్ తెర మీద ఒక నంబరు ఇంకో మెట్టు పైకెక్కింది.

"నొక్కకండి సార్!"

"నొక్కమని నువ్వే కదమ్మా సర్క్యులర్ పంపావు. ఫైల్లో ఉంది, చూపించనా?"

ఆరో కాపీ పూర్తయ్యాక ఆయనే ఆపాడు.

రెండో చప్పుడు సెమినారు హాల్లో ఏసీది. పరీక్షకుడికి ఉక్కపోత పడదని విని గైడే పొద్దున్నే వేయించాడు. హాల్లో ఎవరూ లేరు. కుర్చీలు మాత్రం చల్లగా ఉన్నాయి. గైడు తనే వెళ్ళి ఆపాడు.

లిఫ్టు కదల్లేదు.

మూడో చప్పుడు ల్యాబులోంచి వస్తోంది. అక్కడికి వచ్చేసరికి గైడు వెనకబడ్డాడు.

"అందులో ఏముంటుందమ్మా? అన్నీ కంప్యూటర్లు. పడుకుని ఉంటాయి."

"ఏదో గుడగుడలాడుతోంది సార్."

ల్యాబులో లైట్లు వెలగడం లేదు, కంప్యూటర్లు నడవడం లేదు. మూలబల్ల మీద ఇరవై కప్పుల కెటిల్ మరుగుతోంది. నీళ్ళు కాగితే దానంతటది ఆగే స్విచ్చు పోయి చాలాకాలమైంది. మూత కొట్టుకుంటోంది. ఎదుటి కిటికీ అద్దమంతా ఆవిరి.

"ఆయన రాగానే టీ ఇవ్వాలి కదమ్మా," అన్నాడు గైడు. "మర్యాద."

మీటరమ్మ ప్లగ్గు పీకింది. గుడగుడ ఆగింది. గైడు చెయ్యి గోడ మీది బటన్ వైపు వెళ్ళింది. సగం దూరంలో తనే చూసుకుని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె బల్ల వెనక మీటరు పెట్టె మూత విప్పింది. ఎలక్ట్రీషియన్ అడ్డు చెప్పలేదు. తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. లోపల చీటీ మీద నంబరు ఉంది.

"ఏడు," అంది.

"ఏం ఏడు?"

"ఏడో నంబరు లోడు సార్. ప్రాణరక్షణ పరికరం."

గైడు కెటిల్ వైపు చూశాడు. "తలనొప్పికి వాడతానమ్మా," అన్నాడు.

పైన ఎక్కడో మోటారు కదిలిన చప్పుడైంది. ముగ్గురూ మెట్లెక్కి మూడో అంతస్తుకు పరిగెత్తారు. ముందు ఎలక్ట్రీషియన్ చేరాడు. ఆఖరున గైడు.

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి పన్నెండు కావస్తోంది. పరీక్షకుడు ఫ్లాస్కు మూతలో టీ పట్టుకుని బయటికొచ్చాడు. వెనక తల్లి సంచీ దులుపుకుంటూ వచ్చింది.

"మంచివారే ఈయన," కూతురితో అంది. "మన ఇంట్లో నువ్వు బటన్లు పెట్టిన భాగోతమంతా విన్నారు. మీ నానమ్మ టీవీ బటను పొద్దస్తమానం నొక్కుతూ కూర్చుంటే ఫ్రిజ్ ఆగిపోయి పాలు విరిగిపోయాయే, అదీ చెప్పాను. నీ పరీక్షకొచ్చే ఆయనా ఇలాంటివారైతే బాగుండు."

"చూద్దాంలెండమ్మా," అన్నాడు పరీక్షకుడు.

గైడు రెండు చేతులూ జోడించి, "రండి సార్, హాలు ఇటు," అన్నాడు. తల్లి ఆగి గైడునీ, పెద్దాయననీ, కూతురినీ వరసగా చూసింది. తర్వాత సంచీ సర్దుకుని మెట్ల మీదుగా దిగిపోయింది.

వైవా మొదలైంది. ప్రొజెక్టరుకు కరెంటు లేదు. దాని నంబరు వరసలో చాలా కింద ఉంది. మీటరమ్మ బల్ల మీది సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గర నిలబడింది. పరీక్షకుడి ముందు థీసిస్ ఉంది. అందులో ఒకే ఒక కాగితం గుర్తు పెట్టి ఉంది. ఐదో అధ్యాయం దగ్గర.

"ఊళ్ళో బయల్దేరినప్పట్నుంచీ ఒకటే ప్రశ్నమ్మా. ఏమిటీ ఏడో నంబరు లోడు?"

"అది సార్," గైడు అందుకున్నాడు, "విభాగానికి ఒక రకంగా ఊపిరి లాంటి..."

"అమ్మాయిని అడిగాను."

మీటరమ్మ గైడు వైపు చూడలేదు. "కెటిల్ సార్."

"కెటిలా?"

"టీ కెటిల్. మీరు వస్తున్నారని నీళ్ళు పెట్టారు. దానికి రెండు కిలోవాట్లు ఇవ్వడానికి కంట్రోలరు వరసలో అందరికన్నా కిందున్నవాళ్ళ దగ్గర తీసుకుంది. అది మీరున్న లిఫ్టు."

పరీక్షకుడు ఫ్లాస్కు మూత బల్ల మీద పెట్టాడు. "ఎవరిదీ కెటిల్?"

"చెప్పకూడదు సార్. కమిటీ నిబంధన."

గైడు చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. ఏసీ లేదు.

"సరే. నేను మోకాలు పట్టుకుని లిఫ్టులో కూర్చున్నాను. మీ ఇంట్లో పాలు విరిగాయి. నీ ప్రయోగం పాడైనట్టా, బాగైనట్టా?"

ఆమె కాసేపు సుద్దముక్క చేతిలో తిప్పింది.

"నేను చెప్పినట్టే చేసింది సార్. నొక్కినవాళ్ళకి ఇచ్చింది. నొక్కడానికి బటన్ లేనివాళ్ళు, పనిలో ఉండి నొక్కలేనివాళ్ళు ఉంటారని నేను దానికి చెప్పలేదు. ఇంటి సంగతి థీసిస్‌లో పెడదామంటే సొంతవాళ్ళ మీద ప్రయోగం లెక్కలోకి రాదని కమిటీ తీసేయించింది. నేనూ పట్టుబట్టలేదు. పాలు విరగడం తప్పు నానమ్మదనుకున్నాను."

"ఇప్పుడు?"

"తప్పు నాది సార్. నానమ్మ చేసింది నేను చెయ్యమన్నదే."

"ఎలా సరిచేస్తావు?"

ఆమె బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. ఒక లోడుకు ఎంతసేపు ఆపితే ఎంత నష్టమో వేరే లెక్క. బటన్ లేని లోడులకు ఒక మెట్టు, దాని కిందికి దిగడానికి వీల్లేదు. ఒకే మనిషి ఒకే బటన్ నొక్కుతూ పోతే ప్రతి నొక్కుకూ విలువ తగ్గుతుంది. బోర్డు సగం నిండాక పరీక్షకుడు లేచి వెళ్ళి ఇంకో సుద్దముక్క తీసుకుని ఒక పదం కొట్టేసి ఇంకొకటి రాశాడు. ఆమె దాన్ని కొట్టేసి తను రాసిందే మళ్ళీ రాసింది. ఎందుకో చెప్పింది. ఆయన విని, "ఔను, నీదే సరి," అని కూర్చున్నాడు.

ఒంటిగంటకు మెయిన్ లైను కలిసింది. లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. కింది నుంచి సూపరింటెండెంటు పట్టుకొచ్చిన కాగితాల మీద పరీక్షకుడు ఆరుచోట్ల సంతకం చేశాడు. ఫలితం గడిలో "ఉత్తీర్ణత, సవరణకు లోబడి" అని రాశాడు. సవరణలు రెండు. ఇంటి ప్రయోగాన్ని అనుబంధంగా చేర్చాలి. ఐదో అధ్యాయంలో ఒక వాక్యం మార్చాలి. అవి ఆ రోజు ఐదులోపు కార్యాలయంలో ఇస్తేనే ఫలితం చెల్లుతుందని సూపరింటెండెంటు చదివి వినిపించాడు.

పరీక్షకుడు స్టేషనుకు బయల్దేరాడు. మెట్ల మీదుగా దిగాడు. కింద వరండాలో బెంచీ మీద తల్లి కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచింది.

"అన్నయ్యగారూ, మోకాలి సంగతి ఏదో నోటికొచ్చినట్టు..."

"మీరన్నది నిజమేనమ్మా. నోటితోనే అడిగాను."

"పాసయిందా మరి?"

"ఐదింటికల్లా రాసిస్తే."

తల్లి ఫ్లాస్కులో మిగిలిన టీ పట్టుకుని పైకి వెళ్ళింది. కూతురు ల్యాబులో టైపు చేస్తోంది. నానమ్మ ఎన్నాళ్ళు, ఏ సీరియల్‌కి నొక్కిందో తల్లి పక్కన కూర్చుని చెప్పింది. పాలు విరిగింది వారానికొకసారని కూతురు రాసింది. "రెండుసార్లు," అంది తల్లి. కూతురు దిద్దింది. గైడు కాగితాలు ప్రింటయ్యేదాకా ప్రింటరు దగ్గర నిలబడ్డాడు. కెటిల్ ప్లగ్గు ఎవరూ పెట్టలేదు.

నాలుగూ నలభైకి సూపరింటెండెంటు కాగితాలు తీసుకుని ముద్ర వేశాడు. పేజీ నంబర్లు తిరగేసి సరిచూశాడు. ఒక పేజీ తలకిందులుగా ఉంటే తిప్పి పెట్టాడు.

థీసిస్ ఇప్పుడు విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉంది. ఐదో అధ్యాయంలో ఆ వాక్యం ఇలా ఉంది: "ఏడో నంబరు లోడు టీ కెటిల్." పక్కన పెన్సిలుతో ఎవరో "చక్కని పరిశీలన" అని రాశారు. దస్తూరీ గైడుదేనని ఎలక్ట్రీషియన్ అంటాడు. గైడు ధ్రువీకరించలేదు.

తర్వాతి నెలలో లిఫ్టులో పచ్చ బటన్ బిగించారు. మొదటిసారి దాన్ని నొక్కింది మీటరమ్మ తల్లి. పట్టా కాగితాలు తీసుకోవడానికి కూతురితో పాటు వచ్చింది. ఆ సమయానికి మెయిన్ లైను ఉంది. లిఫ్టు పైకి వెళుతూనే ఉంది.